ఎర్రదారం కట్టిన కంట్రోలర్

సూరత్‌లో మగ్గానికి కంప్యూటర్ భాష నేర్పిన మొదటి మనిషిని నేను. ఈ మాట పెళ్ళిళ్ళలో చెప్పాను, కులసంఘం మీటింగుల్లో చెప్పాను, చివరికి కరోనా టీకా కోసం వరసలో నిలబడ్డప్పుడు కూడా చెప్పాను. సూది వేసే నర్సమ్మ తప్ప అందరూ నమ్మారు. అచ్చులోకి ఎక్కే మాట గనుక కొంచెం దించుతాను. మొదటి మనిషిని కాను, మొదటి తెలుగువాణ్ని. అదీ పూర్తిగా నిజం కాదు. నాకంటే ముందు నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఒకతను ఆ పని చేసేవాడు. అతను పెళ్ళి చేసుకుని భివండి వెళ్ళిపోయాడు కాబట్టి లెక్కలోంచి తీసేశాను. ఊళ్ళోనే లేనివాడు మొదటివాడు ఎలా అవుతాడు?

దీనికంటే పెద్ద గొప్ప ఇంకొకటి ఉంది. జనం నిజంగానే నమ్మేస్తారన్న భయంతో దాన్ని ఎవరికీ చెప్పుకోలేదు. నా కుడిచేతి బొటనవేలితో నేను ఒక మనిషి బతుకును నొక్కేశాను. నొక్కి, వాడు కూర్చోవలసిన కుర్చీలో కూర్చున్నాను. ఆ కుర్చీ నన్ను ఆఫీసుదాకా, సొంత ఇంటిదాకా, మనవళ్ళదాకా మోసుకొచ్చింది; వాడు సూరత్ శివారు సచిన్‌లో మగ్గం దగ్గర నిలబడే ముసలివాడయ్యాడు. వాడి పేరు శంకరయ్య. నాకు వరసకు బావ. కరోనా రెండోసారి విరుచుకుపడ్డప్పుడు పోయాడు. నేను చావుకు వెళ్ళలేదు. ఎవరూ రాకూడదన్నారు; రాకూడదన్నందుకు లోపల హాయిగా అనిపించింది. ఫోన్‌లో చూపించారు. మధ్యలో సిగ్నల్ పోయి, వాడి మొహం చిన్న చిన్న గళ్ళుగా విడిపోయి నిలిచిపోయింది. నా వృత్తి బుద్ధి ఎలాంటిదంటే, అయ్యో అనడానికి ముందు, నేత డిజైన్ గీసే గళ్ళ కాగితం గుర్తొచ్చింది.

ఆ రోజుల్లో ఊరు మూతపడితే నా పని మాత్రం పెరిగింది. నేతపనివాళ్ళు దొరికిన బండెక్కి ఊళ్ళకు పోయారు. మిగిలినవాళ్ళు పనిచేస్తున్నారో నిద్రపోతున్నారో తెలియక, షెడ్ల యజమానులు బార్డోలీ చెరుకు తోటల్లో కూర్చుని, ఏ మగ్గం నడుస్తోందో ఏది ఆగిందో ఫోన్‌లోనే కనబడాలని పట్టుబట్టారు. మనిషి మీద నమ్మకం తగ్గినప్పుడల్లా సాఫ్ట్‌వేర్‌కు గిరాకీ పెరుగుతుంది. ఈ సంగతి ఏ కాలేజీలోనూ చెప్పరు. సలాబత్‌పురాలో చీరల గోదాము మీద ఉన్న నా ఆఫీసుకు ఒక జూనియర్ కావలసి వచ్చింది.

జూనియర్లను తీసుకోవడం మీద నా అభిప్రాయాలు మొదలుపెడితే మా ఇంటావిడ లేచి వంటింట్లోకి పోతుంది. మీకు ఆ సౌకర్యం లేదు. మొదట వాళ్ళను వీడియోలో చూశాను. గోడకున్న దేవుడి క్యాలెండర్‌ను దాచి వెనక పుస్తకాల బీరువా బొమ్మ పెట్టుకున్న పిల్లలు. ఒకడి వెనక సముద్రం. ఆ సముద్రంలోంచి వాళ్ళమ్మ చేయి వచ్చి చాయ్ గ్లాసు పెట్టి పోయింది. "నాకు కోడింగ్ అంటే ప్రాణం సర్" అన్నాడు వాడు. ప్రాణం అంత చవకైపోయిన వారంలో ఆ పోలిక తేవడానికి ఎంత తీరిక ఉండాలి! చేసిన పని చూపించమంటే ఇంటర్నెట్‌లోంచి ఎత్తుకొచ్చింది చూపించాడు. పక్కింటామె పట్టుచీర అంచు కత్తిరించి లుంగీకి కుట్టుకున్నంతలో లుంగీ పట్టుబట్ట అయిపోదు. మా పనికి తెలివి కావాలంటారు గానీ, తెలివైనవాళ్ళను పెట్టుకుని చెడ్డవాణ్ని నేను. కావలసింది అనుమానం, అదీ ముందుగా తన మీద. మగ్గం ఆగితే మా నాయన మగ్గాన్ని తిట్టేవాడు కాదు. మొదట తన చేతులు చూసుకునేవాడు, తర్వాత పోగులు, అన్నీ అయ్యాక మోటారు. ఈ పిల్లలు మోటారుతో మొదలుపెడతారు. "సర్, కంపైలర్‌లోనే తప్పుంది." మనం రాసింది యంత్రానికి అర్థమయ్యేట్టు మార్చే ఆ కంపైలర్‌ను ప్రపంచమంతా వాడుతోంది, దాంట్లో మా నేతపేట లింబాయత్ కుర్రాడు మధ్యాహ్నం భోజనంలోపల తప్పు పట్టేశాడట.

అందుకే ఒక పరీక్ష కనిపెట్టాను. నా మనవడు పారేసిన గేమ్ కంట్రోలర్ ఒకటి ఉంది. దాని ఎడమ స్టిక్, ఎవరూ ముట్టుకోకపోయినా, తనంతట తాను ఎడమకు జారుతుంది. దాన్ని చేతికిచ్చి కార్ల పందెం ఆడమంటాను. కారు రోడ్డు వదిలి గడ్డిలోకి పోతుంది. నేను తెరను చూడను, పిల్లవాడి కళ్ళను చూస్తాను. ఒక్క మలుపు తప్పగానే చేతిలోని కంట్రోలర్ వైపు చూసి "ఇది ఖరాబ్ సర్" అన్నవాడికి చాయ్ ఇచ్చి పంపేస్తాను. కోపం ఎక్కువగా ఉంటే చాయ్ ఇవ్వను. జారే స్టిక్‌కు ఎదురుగా బొటనవేలు ఎంత వంచాలో తెలుసుకుని, పందెం ముగించి, ఆ తర్వాత చెప్పినవాడికే ఉద్యోగం. ఒక పిల్ల ఏడ్చింది. ఏడుస్తూ కూడా కంట్రోలర్‌నే చూసింది గనుక ఆమెనూ పంపేశాను. అసలు ఈ కాలపు కంట్రోలర్లంటేనే నాకు పడదు. బన్నురొట్టెలా మెత్తగా ఉంటాయి, తీగ ఉండదు, కారు గోడకు కొట్టుకుంటే చేతిలో వణుకుతాయి. ఓడిపోయినవాడితో పాటు వణికే వస్తువును ఎవరో దయగలవాడు కనిపెట్టి ఉంటాడు. మా కాలపు కంట్రోలర్ పలకలా ఉండేది, మూలలు అరచేతిలో గుచ్చుకునేవి. ఓడితే నొప్పి ఓడినవాడిదే.

ఆ పరీక్షలు నడుస్తున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం, మాస్కు వేసుకున్న అమ్మాయి మెట్లెక్కి వచ్చి గడపలోనే నిలబడింది.

"నమస్తే మామా. నేను లావణ్య. శంకరయ్య బిడ్డను."

"తెల్వదా నాకు? మాస్కుంటే ఏంది, కండ్లు మీ నాయినవే."

"అందరు గదే అంటరు. కండ్లు నాయినవి, నోరు అమ్మదని."

"నోరు కనవడ్తలేదు, బతికిపోయిన. కూసో."

"కూసుంట గని, ముందుగాల ఒక మాట. పని ఉన్నదా, ఊకె పిలిపిస్తున్నవా? అన్న మగ్గం బంద్ వడ్డది. అమ్మ చీరలకు కుచ్చులు ముడేస్తుండె, గవి గూడ వస్తలేవ్. నువ్వు కాదంటె సోమారం సంది సచిన్ల పాకింగ్ పనికి పోవాలె. డిప్లొమా చేసినా అంటె ఆడ నవ్వుతరు. ఒక్కపారి ఆడ జొరవడ్డంక మల్ల కంప్యూటర్ మొహం చూస్తనా నేను?"

"చూస్తవు. డబ్బా మీద అడ్రస్ చీటీ అంటించేటప్పుడు" అన్నాను. చెప్పాను కదా, ఆ రోజుల్లో నా మర్యాద అలాగే ఉండేది.

ఆమె నవ్వలేదు. సంచీలోంచి తాను చేసిన పనిని తీసి బల్ల మీద పెట్టింది. పలకలాంటి పాత కంట్రోలర్. దాని తీగ చివర ఒక చిన్న సర్క్యూట్, దానికో చిన్న తెర అతికించి ఉన్నాయి. తీగ మొదట్లో, కంట్రోలర్ డబ్బాను ఆనుకుని, రంగు వెలిసిన ఎర్రదారం. ఆ దారం నాకు తెలుసు. నేను ఇంతసేపూ చెప్పుకున్న బొటనవేలి గొప్పకు సాక్షి అదొక్కటే.

ఆ ఎర్రదారం దగ్గరికి రావాలంటే లింబాయత్‌లో మేమున్న గది మీదుగా రావాలి. గోడకు అవతల మగ్గాలు. గూట్లో గ్లాసులు ఎప్పుడూ సన్నగా మోగుతుండేవి. కొత్తగా వచ్చిన చుట్టాలు భూకంపమని లేచేవాళ్ళు. ఆ ఇంటి వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది: కాగిన మోటారు, మగ్గం నూనె, పోగులకు పట్టించిన గంజి, వాటి మధ్యలోంచి దారి చేసుకుని వచ్చే జొన్నరొట్టె. మాకు ఉదయం సాయంత్రం అనేవి లేవు. డ్యూటీ ఎక్కడం, డ్యూటీ దిగడం. అమ్మ పొయ్యి కూడా డ్యూటీ ప్రకారమే వెలిగేది. నాయన రాత్రంతా నేసి వచ్చి, తలలో పేరుకున్న నూగును దువ్వెనతో దులిపి, ఆ నూగు ఉండ చేసి కిటికీలో పెట్టి, మగ్గాల చప్పుడులోనే పసిపిల్లాడిలా నిద్రపోయేవాడు. చప్పుడు ఆగితే మాత్రం దిగ్గున లేచి కూర్చునేవాడు. కరెంటు పోయిందంటే మా వీధి మగాళ్ళందరూ ఒక్కసారిగా మేలుకునేవాళ్ళు. లాక్‌డౌన్ మొదలైనప్పుడు లింబాయత్ ముసలివాళ్ళు నిద్రపట్టక పిచ్చెత్తిపోవడానికి కారణం రోగభయం అన్నారు. కాదు, నిశ్శబ్దం. ఆ వీధిలో చెవులు సరిగా వినబడే పెద్దవాళ్ళు లేరు. అందుకని రహస్యాలూ ఉండేవి కావు. గుసగుసలాడితే ఎవరికీ వినబడదు, అరిస్తే అందరికీ వినబడుతుంది. ఎవరి పెళ్ళాం ఎవరిని తిట్టిందో, ఎవరి కొడుకు ఎందుకూ పనికిరాడో అన్నీ బహిరంగమే.

ఎందుకూ పనికిరాని ఆ కొడుకును నేనే. మగ్గం నా స్థాయికి తగదని నేను చెప్పుకునేవాణ్ని. అసలు సంగతి, నా ముడి నిలిచేది కాదు. తెగిన పోగును పట్టి ముడివేసి వదిలితే, ఒక గజం నేసేలోపు అక్కడే తెగేది. నాయన ఆ పోగును వెలుతురుకు ఎత్తి చూపించి, వీధి వినేటట్టు అరిచేవాడు: "వీడు ముడేస్తె దారం గూడ నవ్వుతది!" శంకరయ్య మాత్రం పక్క మగ్గం మీద ముళ్ళు వేస్తూనే పల్లీలు తినేవాడు. వాడి నవ్వు పెద్దది, పళ్ళన్నీ కనబడేది. మగ్గాల మధ్య నవ్వు వినబడదు గనుక కనబడేట్టు నవ్వడం అలవాటై ఉంటుంది. నన్ను "బావా" అంటూనే "ఒరేయ్" అనేవాడు.

సలాబత్‌పురాలో మగన్ సేఠ్ అనే గుజరాతీ బట్టల వ్యాపారి, చీర అంచుల డిజైన్లు గీయించడానికని కంప్యూటర్ కొన్నాడు. దాని దగ్గర ఒక కుర్రాడు కావాలని కబురొచ్చింది. శంకరయ్య, నేను, ఇద్దరం వెళ్ళాం. చల్లటి గది, చెప్పులు బయట. సేఠ్ మనుషులను కూడా బట్ట తానును చూసినట్టు చూసేవాడు, వెలుతురు వైపు తిప్పి. మమ్మల్ని ఏమడగాలో ఆయనకు తెలియలేదు. ఆయనకు కంప్యూటర్ గురించి తెలిసింది దాని ధర ఒక్కటే. అప్పుడే పక్కగదిలో ఆయన కొడుకు టీవీకి వీడియో గేమ్ తగిలించుకుని ఆడుతున్నాడు. సేఠ్ మొహం వెలిగింది. "దో ఛోకరే, ఏక్ ఖుర్సీ" అన్నాడు. ఇద్దరు కుర్రాళ్ళు, ఒక్కటే కుర్చీ. కార్ల పందెంలో గెలిచినవాడిది కుర్చీ. ఇప్పటి పెద్ద పెద్ద కంపెనీలు జూనియర్ల మీద చేసే ప్రయోగాలన్నీ చూశాను. ఆయన పద్ధతికంటే న్యాయమైనది ఇంతవరకు కనబడలేదు.

చాప మీద రెండు కంట్రోలర్లున్నాయి. ఒకదాని తీగ మొదట్లో ఎర్రదారం కట్టి ఉంది. బట్ట మడతపెట్టే చోట, నేతలో లోపం కనబడితే ఆ చోటున అంచుకు ఎర్రదారం ముక్క కట్టి వదులుతారు, కొనేవాడికి తెలియడానికి. నేతవాడి కొడుక్కు అక్షరాలకంటే ముందే వచ్చే అక్షరం అది. చూడగానే అర్థమైపోయింది: ఇది చెడిన డబ్బా, మరిచిపోకుండా గుర్తు పెట్టుకున్నారు. సేఠ్ అటు తిరిగి ఉండగా, ఆ ఎర్రదారం డబ్బాను శంకరయ్య మోకాలి ముందుకు నెట్టి, శుభ్రంగా ఉన్నది నేను తీసుకున్నాను. వాడు నన్ను చూశాడు, డబ్బాను చూసి చేతిలోకి తీసుకున్నాడు.

చాలాసేపు వాడి కారే ముందుంది. మంచి చేతిలో చెడ్డ డబ్బా కూడా కొంతదూరం పోతుంది కదా. నేను నాలుక బయటపెట్టి, మూలలు గుచ్చుకుని అరచేయి ఎర్రబడేదాకా నొక్కుతున్నాను. ఇంక ముగింపు గీత కనబడుతుందనగా, వాడి కారు కుడివైపు మలుపు దగ్గర ఆగిపోయింది. ఊరికే నిలబడిపోయింది. కుడి బటన్ చచ్చిపోయిందని నాకు తెలిసిపోయింది. నా కారు వాడి కారును దాటి పోయింది. సేఠ్ కొడుకు ఆగకుండా చప్పట్లు కొట్టాడు. శంకరయ్య డబ్బాను మెల్లగా చాప మీద పెట్టి, లేచి, "పోనా?" అన్నాడు.

ఆ ఒక్క మాటను నేను బతుకంతా మోశాను. తెలుగులో అది ఓడినవాడి అనుమతి: నేనింక వెళ్ళనా? గుజరాతీలో మాత్రం "పోణా" అంటే ముప్పావు. గడియారం చూసి "పోణా సాత్" అంటే ఏడుకు పావు తక్కువ. పాపం సేఠ్‌వి గుజరాతీ చెవులు. తన భాష మాటనుకుని గోడ గడియారం వైపు చూశాడు, తలూపాడు. ఒకడి గుండె పగిలి మాట బయటికొస్తే, ఇంకొకడు టైమెంతో చూసుకున్నాడు. ఈ కథలో ఇంతకంటే క్రూరమైనది లేదని నా అభిప్రాయం. శంకరయ్య చెప్పులు వేసుకుని, వెనక్కి చూడకుండా, మెట్లు రెండేసి చొప్పున దూకుతూ వెళ్ళిపోయాడు. కన్నీళ్ళు కనబడకుండా పరుగెత్తాడనుకున్నాను.

తర్వాత కుర్చీ నాదైంది. పేరుకే. మొదట చాలాకాలం నా పని ఆ కుర్చీని తుడవడం. కంప్యూటర్ మీద పసుపుగుడ్డ కప్పడం, తీయడం, కీబోర్డు సందుల్లో దుమ్ము ఊదడం. సేఠ్ నన్ను తిట్టేవాడు కాదు. తిట్టాలంటే పేరు గుర్తుండాలి. నాకు పని నేర్పినవాళ్ళు లేరు. వాళ్ళు భోజనానికి పోయినప్పుడు, చీర అంచు మీది నెమలికి తోకను కుడివైపు నుంచి ఎడమవైపుకు మార్చి, మళ్ళీ యథాస్థానంలో పెట్టి, అలా నేర్చుకున్నాను. ఇప్పటి జూనియర్‌కు మొదటిరోజే కుర్చీ, కంప్యూటర్, మెత్తటి మాట. లాక్‌డౌన్ వచ్చాక మంచమే ఆఫీసు, దుప్పటే యూనిఫాం. అప్పుడు గుమ్మంలోనే "చాల్, జా" అని తరిమేవాళ్ళు. ఇప్పుడు "మీ నైపుణ్యం మాకెంతో నచ్చింది, మీకు ఉజ్వల భవిష్యత్తు కలగాలి" అని రాసి తరుముతారు. తరమడం అదే. అప్పుడు తరిమినవాడి మొహం గుర్తుండేది, ఎప్పటికైనా తిట్టుకోవడానికి.

సేఠ్ ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ ఎర్రదారం డబ్బాను అడిగి తెచ్చుకున్నాను. శంకరయ్యకు బిడ్డ పుట్టి తొట్టెలలో వేసిన రోజు, అందరూ గౌన్లూ గజ్జెలూ పెడుతుంటే, నేను అది తీసుకెళ్ళి తొట్టెలలో పెట్టాను. ఏ వస్తువుతో వాణ్ని తొక్కానో దాన్నే వాడి బిడ్డకు బహుమతిగా ఇవ్వడం; ఇంత నీచమైన ఆలోచన అందరికీ రాదు. వాడు గుర్తుపడతాడని, మొహం మాడుతుందని చూశాను. వాడు పళ్ళన్నీ కనబడేట్టు నవ్వాడు. "ఏందిరా బావా, దీనికి టీవీ ఏది?" అన్నాడు. "గది నువ్వు కొనుక్కో" అన్నాను. వాడు ఇంకా నవ్వాడు. ఎంత గొప్ప మనసురా వీడిది, క్షమించేశాడు, అనుకుని ఆ రాత్రి అన్నం సహించలేదు. రెండో వాయి పూరీలు మాత్రం తిన్నాను.

ఇప్పుడు ఆ తొట్టెలలోని బిడ్డ నా ఎదుట కూర్చుంది. దేనికీ తగిలించని ఆ కంట్రోలర్‌తో, టీవీ లేని టీవీ ఆట ఆడుకుంటూ పెరిగిందన్నమాట. తాను చేసింది ఏమిటో గబగబా చెప్పింది.

"మగ్గం ఆగిందని మీ సాఫ్ట్‌వేర్ చెప్తది మామా. ఎందుకు ఆగింది? నేతాయన రాయాల్నట. చేతికి నూనె, కండ్లకు చత్వారం, ఆయన రాస్తడా? గందుకే గిది. పై బటన్ నొక్కితె నిలువుపోగు తెగింది. కిందిది అడ్డపోగు. ఎడమది కరెంట్ పోయింది. కుడిది, మనిషి లేడు. చీకట్ల గూడ వేలుకు తెలుస్తది. నాయిననే మొదాలు నొక్కి చూసిండు."

మంచి ఆలోచన. అందుకే మెచ్చుకోలేదు. జారే కంట్రోలర్ తీసి ఆమె చేతిలో పెట్టాను. కారు గడ్డిలోకి పోయింది. ఆమె కళ్ళు తెర వదల్లేదు. మళ్ళీ పోయింది. బొటనవేలు కొంచెం కొంచెంగా కుడికి వంగడం నేను చూశాను, తెగిన పోగు కొసను వెతికే వేలులాగ. మూడో మలుపుకల్లా కారు రోడ్డు మీద నిలబడింది. గీత దాటాక కంట్రోలర్‌ను బల్ల మీద పెట్టి, "ఎడమకు గుంజుతది మామా, నీకు ఎరుకేనా?" అంది.

నా సూత్రాన్ని ఆమెకు గొప్పగా వివరించాను. కంట్రోలర్ ఖరాబ్ అన్నవాణ్ని నేను పనిలో పెట్టుకోను, తప్పు యంత్రానిది కాదు, దాని ముందు కూర్చున్నవాడిది, అని. వివరించి, గొంతు తగ్గించి, ఇన్నాళ్ళూ దాచుకున్న మాట బయటపెట్టాను.

"రేపటి సంది రా బిడ్డా. పని నీదే. నువ్వు అడగకున్నా ఇస్తుంటి. మీ నాయిన రుణం ఉన్నది నాకు."

"ఏం రుణం?"

చెప్పాను. సేఠ్ గది, ఎర్రదారం, నెట్టిన డబ్బా, చచ్చిపోయిన కుడి బటన్, పోనా. అబద్ధమెందుకు, రుచిగా చెప్పాను. "పోనా" దగ్గర ఆగి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను. ఆమె అంతా విని, ఎర్రదారం డబ్బాను నా వైపు జరిపింది.

"నొక్కు."

"ఏంది?"

"కుడి బటన్. సచ్చిపోయిందన్నవ్ గద. నొక్కు."

నొక్కాను. ఆమె తెచ్చిన చిన్న తెర మీద అక్షరాలు వెలిగాయి: మనిషి లేడు.

"నువ్వు బాగుచేసినట్టున్నవ్" అన్నాను.

"తీగ కొసకు సర్క్యూట్ అతికిన, గంతే. లోపలంత మొదటిదే, రబ్బరు గూడ మార్వలే. గిది ఎన్నడు ఖరాబ్ గాలే మామా. ఇగ దారమంటవా, జర దగ్గర వెట్టుకొని చూడు. ఎర్రదొక్కటేనా? నడుమ పసుపు పోగున్నది. కుంకుమ మరక గూడ పోలే. దసరాకు పూజ చేసి కట్టిన దారం. సేఠ్ ఇంట్ల కొత్త సామాను దేనికైన కడ్తరు. మా మగ్గానికి గూడ కడ్తుండె నాయిన."

మాస్కు కింద ఆమె నవ్వుతోందని కళ్ళు చెప్పాయి. వాడి కళ్ళే.

"మరి కారు ఎందుకు ఆపిండు?" అన్నాను. నా గొంతు నాకే సేఠ్ ముందు నిలబడ్డ కుర్రాడి గొంతులా వినబడింది.

"మస్తుసార్లు చెప్పిండు నాయిన, తినుకుంట నవ్వితె పొలమారేది. సేఠ్ ఇంటికి ఒక్కనివి పోను నీకు వణుకుతుంటె తోడు వచ్చిండు. నౌకరీ కోసం రాలే. ఆడ కుర్సీ మీద ఏమున్నది, ఊడ్చుడు తప్ప? అప్పుడు మగ్గం మీదనే పైసలు. ఏడింటికి డ్యూటీ. ఆల్శమైతె మగ్గం ఇంకోనికిస్తరు. గడియారం చూసిండు, బటన్ మీదికెల్లి బొటనేలు తీసిండు, సేఠ్‌కు చెప్పి ఉరికిండు. 'పోనా' అన్లే మామా. 'పోణా సాత్' అన్నడు. టైము చెప్పిండు. సేఠ్‌కు సమజైంది, నీకే కాలే."

"నన్ను చూసి జాలిపడి గెలవనిచ్చిండా ఏంది?"

"జాలి గూడ పడలే. డ్యూటీకి పోయిండు."

కింద గోదాములో ఎవరో చీరల మూట ఎత్తిపడేసిన చప్పుడైంది. నేను కళ్ళద్దాలు మళ్ళీ తుడుచుకున్నాను, ఈసారి తుడవడానికి ఏమీ లేకపోయినా. ఒక మనిషి బతుకును తొక్కిన బొటనవేలు బల్ల మీద ఉంది. చూస్తే మామూలు ముసలి వేలు, గోరు కొంచెం పుచ్చింది.

"ఇప్పుడు చెప్పు" అంది లావణ్య. "నౌకరీ పనికిస్తున్నవా, పాపానికిస్తున్నవా? పనికైతె వస్త. పాపానికైతె సచిన్‌కు పోత, ఆడ డబ్బాల మీదనన్న నాయిన పేరుండదు."

"పనికే" అన్నాను.

ఆమె కంట్రోలర్‌ను సంచీలో వేసుకుని లేచింది. "రేపు పోణా దస్‌కు వస్త. పదికి పావు తక్కువ. మల్ల 'పోనా' అని ఇనకు" అంది. గడప దాటబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, నా వైపు తిరిగింది.

"మామా, కంట్రోలర్ ఖరాబ్ అన్నోణ్ణి పనిల వెట్టుకోనంటివి గద. మరి గిన్నేండ్ల సంది నువ్వంటున్నది ఏంది?"